పగిలిన కిటికీకి ప్రథమ చికిత్స

తుపాను ఇంటిలోనికి ప్రవేశించడానికి ఒక్క కిటికీ చాలు. దానిని అడ్డగించడానికి ఒక్క పలక చాలు. కాని ఆ పలక సమయానికి చేతిలో ఉండాలి.

1917 డిసెంబరు 6. కెనడా తూర్పు తీరాన ఉన్న హాలిఫాక్స్ రేవులో ఉదయం తొమ్మిది గంటలు కావస్తున్నది. మందుగుండు సామగ్రితో నిండిన ఒక ఫ్రెంచి ఓడ, రేవు దాటిపోతున్న ఒక నార్వే ఓడతో ఢీకొని అంటుకున్నది. ఆ ఓడ కడుపులో ఏమున్నదో ఊరిలో చాలామందికి తెలియదు. నల్లని పొగ ఆకాశానికి లేవడం చూసి తల్లులు, పిల్లలు, పనివారు కిటికీల దగ్గరకు వచ్చి నిలబడ్డారు. సుమారు ఇరవై నిమిషాల తరువాత ఓడ పేలిపోయింది.

ఆ పేలుడులో దాదాపు 1,800 మంది మరణించారు. 9,000 మంది గాయపడ్డారు. అద్దాల వెనుక నిలబడి చూస్తున్నవారిలో వందలమంది కళ్ళలో గాజుముక్కలు దిగాయి. దుఃఖం అంతటితో ఆగలేదు. మరునాడు ఆ నగరంమీద మంచుతుపాను విరుచుకుపడి, నలభై సెంటీమీటర్ల మేర మంచు కురిసింది. ఊరిలో అద్దం మిగిలిన కిటికీ అరుదు. బ్రతికి బయటపడినవారు నేలమీది తివాచీలు లేపి కిటికీలకు మేకులతో బిగించారు. దుప్పట్లు, తారు కాగితం, విరిగిన బల్లచెక్కలు, ఏది దొరికితే అది అడ్డుపెట్టారు. పొరుగుదేశపు నగరమైన బోస్టన్ నుంచి మందులతో, ఆహారంతో పాటు కిటికీ అద్దాలు, వాటిని బిగించే లప్పం కూడ రావలసి వచ్చింది.

కిటికీ అనగానే మనకు వెలుతురూ గాలీ గుర్తుకు వస్తాయి. కాని అది అడుగడుగునా చేస్తున్న మరొక సేవ ఉన్నది. బయటి ప్రపంచాన్ని అది బయటనే ఉంచుతుంది. ఆ సేవ విలువ అది ఆగిపోయిన క్షణంలోగాని మనకు తెలియదు. అందుచేతనే పెద్ద విపత్తు జరిగిన ప్రతిచోటా, క్షతగాత్రులను మోసుకుపోయిన వెంటనే మొదలయ్యే పనులలో ఒకటి తలుపులకూ కిటికీలకూ పలకలు కొట్టడం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940 సెప్టెంబరు నుంచి లండన్ నగరంమీద నెలల తరబడి బాంబులు కురిసినపుడు, బ్రిటిష్ అధికారులు ఈ పనికి చక్కని పేరు పెట్టారు: ప్రథమ చికిత్స మరమ్మతులు. ఇంటిని మునుపటిలా చేయడం వాటి ఉద్దేశం కాదు. వాన, చలి లోనికి రాకుండా, ఆ కుటుంబం ఆ రాత్రికి తన ఇంటిలోనే తలదాచుకోగలిగేటట్లు చేయడమే లక్ష్యం. గాయానికి కట్టు కట్టినట్లే, కిటికీకి పలక కట్టారు.

ఆకాశంలో మెరుపు

నూరేళ్ళ నాటి పాఠం 2013లో రష్యాలో పునశ్చరణ అయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 15 ఉదయం చెల్యాబిన్‌స్క్ నగరం మీదుగా ఒక ఉల్క మండుతూ దూసుకుపోయింది. సూర్యుని మించిన ఆ వెలుగును చూసి జనం కిటికీల దగ్గరకు పరుగెత్తారు. వెలుతురు వేగం వేరు, పేలుడు తరంగం వేగం వేరు. ఒకటి రెండు నిమిషాల తరువాత ఆ తరంగం నగరాన్ని తాకింది. ఏడువేలకు పైగా భవనాలు దెబ్బతిన్నాయి. దాదాపు 1,500 మంది చికిత్సకై వచ్చారు. వారిలో అధికసంఖ్యాకులు గాజుముక్కలు తగిలినవారే.

ఒక బడిలో నాలుగవ తరగతి ఉపాధ్యాయురాలు మాత్రం మెరుపు చూడగానే తన నలభైనలుగురు పిల్లలను బల్లల క్రింద దూరమని ఆజ్ఞాపించింది. తాను నిలబడే ఉండి చేతికి గాయం చేసుకున్నది. పిల్లలలో ఒక్కరికైనా గాజు తగలలేదు.

ఆనాడు అక్కడి చలి సున్నకు పదిహేను డిగ్రీలు తక్కువ. గదులను వెచ్చగా ఉంచే గొట్టాలలోని నీరు గడ్డకడితే గొట్టాలు పగులుతాయి. అవి పగిలితే భవనమంతా చలికి బలి అవుతుంది. అందుచేత అధికారులు, పౌరులు చేసిన మొదటి పని, సాయంత్రంలోగా కిటికీలను ప్లాస్టిక్ పట్టాలతో, చెక్కలతో మూయడం.

మన శత్రువు గాలి

మన దేశపు తీరప్రాంతాలలో కిటికీకి ప్రమాదం తెచ్చేది చలి కాదు, తుపాను గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఆ మధ్యాహ్నం నగరంలోని గాజు ముఖభాగాలు గల భవనాలు ఎలా చిల్లులు పడ్డాయో చూసినవారు మరువలేరు. విమానాశ్రయం దెబ్బతిని కొన్ని రోజులు మూతపడింది.

గాలి ఒత్తిడిని లెక్కించడానికి భారతీయ ప్రమాణం ఇచ్చే సూత్రం సులభమైనది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, ఆ సంఖ్యను దానితోనే గుణించి, తిరిగి 0.6తో గుణించాలి. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. లెక్క వేస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అనగా సుమారు 150 కిలోల బరువు. రెండు మీటర్ల ఎత్తు, ఒక మీటరు వెడల్పు గల తలుపుమీద 300 కిలోల ఒత్తిడి పడుతుంది. నలుగురైదుగురు పెద్దమనుషులు ఒక్కసారిగా ఆనుకుని తోసినట్లన్నమాట. గాలి వేగం సగమైతే ఒత్తిడి నాలుగవ వంతుకు తగ్గుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది.

అయితే చాలా సందర్భాలలో అద్దాన్ని పగలగొట్టేది వట్టి గాలి కాదు. గాలి మోసుకువచ్చే రేకు, కొమ్మ, పెంకు, పొరుగింటి పూలకుండీ. 1974 డిసెంబరు 25 తెల్లవారుజామున ట్రేసీ అనే తుపాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. అక్కడి శిథిలాలను పరిశీలించిన ఇంజనీరు జార్జ్ వాకర్ ఇళ్ళు కూలిన క్రమాన్ని వివరించాడు. గాలికి ఎగిరివచ్చిన వస్తువు ముందుగా ఒక కిటికీని పగలగొడుతుంది. ఆ సందులో నుంచి గాలి లోనికి జొరబడి, బయటికి దారిలేక, పైకప్పును లోపలినుంచి పైకి తోస్తుంది. అదే క్షణంలో కప్పుమీదుగా పోయే గాలి దానిని పైకి పీలుస్తున్నది. లోపలి తోపు, వెలుపలి పీల్పు రెండూ కలిస్తే కప్పుమీది బలం దాదాపు రెట్టింపు కావచ్చు. కప్పు లేచిపోయిన తరువాత దాని ఆసరా కోల్పోయిన గోడలు కూలుతాయి.

అందుచేత కిటికీ మూయడం అద్దం ఖరీదు కాపాడుకోవడానికి మాత్రమే కాదు. రేకుల ఇంటిలోనూ పెంకుటింటిలోనూ అది కప్పును కాపాడుకోవడం. కాంక్రీటు కప్పు లేచిపోకపోవచ్చు. కాని లోనికి వచ్చిన గాలి, వాన కలిసి గదిలో మనిషి నిలువనీయవు.

రెండు అపోహలు

గాలికి ఎదురుగా లేని కిటికీ తెరిచి ఉంచితే లోపలి ఒత్తిడి, వెలుపలి ఒత్తిడి సమానమవుతాయని కొందరి నమ్మకం. ఇది ప్రమాదకరమైన నమ్మకం. తుపాను కదిలేకొలదీ గాలి దిశ మారుతుంది. ఇప్పుడు గాలికి చాటుగా ఉన్న కిటికీ గంట తరువాత గాలికి ఎదురవుతుంది. అన్ని కిటికీలూ మూసి ఉంచడమే క్షేమం.

అద్దంమీద అడ్డంగా, నిలువుగా అంటించే కాగితపు పట్టీలు రెండవ అపోహ. పట్టీలు పగిలిన ముక్కలను కొంతవరకు చెదరకుండా పట్టి ఉంచవచ్చునేమోగాని, అద్దాన్ని పగలకుండా ఆపలేవు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సూచనలు కూడ పలకలు బిగించడాన్నే ముందు చెబుతాయి. చెక్క దొరకనపుడు మాత్రమే కాగితపు పట్టీలు.

పలక ఎలా ఉండాలి?

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాను ధ్వంసం చేసిన తరువాత, అక్కడ కిటికీ కవచాలకు కఠినమైన పరీక్ష పెట్టారు. దాదాపు నాలుగు కిలోల దుంగను గంటకు 55 కిలోమీటర్ల వేగంతో విసిరితే కవచం తట్టుకోవాలి. మన ఇంటిలో అంత పరీక్ష జరపలేముగాని, అందులోని నీతి గ్రహించవచ్చు. పలుచని అట్ట, థర్మకోల్, పరదా గుడ్డ వానజల్లును ఆపవచ్చు. ఎగిరివచ్చే రేకును ఆపలేవు.

కనీసం పదిహేను మిల్లీమీటర్ల మందం గల, నీటికి తట్టుకునే ప్లైవుడ్ వాడాలి. పలక కిటికీ ఖాళీకంటె నాలుగు వైపులా ఒక్కొక్క జానెడు కాకపోయినా నాలుగంగుళాలైనా ఎక్కువ ఉండాలి. దానిని కిటికీ చట్రానికి కాక గోడకు బిగించాలి. ఒంటి మేకులు గాలి గుంజుడుకు ఊడివస్తాయి. గోడకు ముందే రంధ్రాలు తొలిచి బోల్టులు దిగవేసుకుంటే, అవసరమైనపుడు పలక నిలబెట్టి నట్లు బిగించడమే తరువాయి. బోల్టుకూ బోల్టుకూ మధ్య అడుగు దూరం మించరాదు. ప్రతి పలకమీద అది ఏ కిటికీదో సుద్దతో కాక రంగుతో వ్రాసి పెట్టుకోవాలి. గాలి మొదలైన తరువాత కొలతలు వెదుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ తీరిక మనకు ముందుగానే దొరుకుతున్నది. భారత వాతావరణ శాఖ తీరాన ప్రతికూల వాతావరణం మొదలు కావడానికి కనీసం 48 గంటల ముందు తుపాను జాగరూకతను, 24 గంటల ముందు హెచ్చరికను జారీచేస్తుంది. పలకలు బిగించవలసినది ఆ మొదటి రోజున. రెండవ రోజు నిచ్చెన ఎక్కవలసిన రోజు కాదు.

ఇక కిటికీ పగిలిపోయిన తరువాత చేయవలసిన పని వేరు. ముందు చెప్పులు కాదు, బూట్లు తొడగాలి. చేతులకు దళసరి తొడుగులు, కళ్ళకు అద్దాలు. గది తడిసి ఉంటే మెయిన్ స్విచ్చి ఆపాలి. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయరాదు. చట్రానికి వ్రేలాడే ముక్కలను పైనుంచి క్రిందికి తీయాలి. నేలమీది నలుసులను తడికాగితంతో ఎత్తాలి. అప్పుడు పలక. గోడ పగుళ్ళిచ్చి బోల్టులు పట్టకపోతే, అనుభవజ్ఞులు ఒక ఉపాయం చేస్తారు. కిటికీ ఖాళీకంటె పొడవైన రెండు దూలపు ముక్కలను గది లోపల గోడకు అడ్డంగా ఆనించి, వెలుపలి పలకలో నుంచి పొడవైన బోల్టులను వాటిలోనికి దూర్చి బిగిస్తారు. కిటికీకి ఊచలు లేనపుడు ఇది అతి సులభం. ఊచలుంటే వాటి సందులలో నుంచే బోల్టులు పోనిస్తారు. గోడకు ఒక్క రంధ్రమైనా పడదు. గాలి పలకను బయటికి లాగినా, లోపలి దూలాలు గోడను పట్టుకుని నిలుస్తాయి.

రెండు హెచ్చరికలు మాత్రం మరువరాదు. ఇంటికి ఒక్క దారి అయినా లోపలినుంచి సులభంగా తెరుచుకునేటట్లు ఉంచాలి. అన్నిటినీ బిగించిన ఇల్లు అగ్నిప్రమాదంలో బోను అవుతుంది. మూసిన ఇంటిలో బొగ్గుల కుంపటి గాని, జనరేటరు గాని నడపరాదు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పలక చేయలేని పని

ఇంతచేసినా పలక ఆపగలిగినది గాలిని, వానను మాత్రమే. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలను తీసినది ప్రధానంగా ఉప్పెన. సముద్రమే లేచివచ్చినపుడు ఏ చెక్కా నిలువదు. ఇల్లు విడిచి రమ్మని అధికారులు చెప్పినపుడు, పలకలు కొట్టాము కదా అని ఉండిపోవడం ఆత్మహత్యతో సమానం. మట్టిగోడల గుడిసెలకు పలక బిగించే ప్రశ్నే లేదు. అందులోని వారికి రక్ష తుపాను ఆశ్రయ భవనం. కనుక పలకలు ముందుగా చేరవలసినది ఆ ఆశ్రయ భవనాల కిటికీలకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు. ఊరంతా తలదాచుకున్న గదిలో ఒక్క అద్దం పగిలినా గాయపడేది ఊరే.

మన పూర్వులకు విడిగా పలకల అవసరం ఉండేది కాదు. పాత మండువా ఇళ్ళ కిటికీలకు అద్దాలు లేవు. ఊచలు, వాటి వెనుక దళసరి చెక్క రెక్కలు, వాటికి గొళ్ళేలు. వీధి తలుపుకు అడ్డగడియ. ఆకాశం నల్లబడగానే రెక్కలు మూసి గడియ వేస్తే ఇల్లు తుపానుకు సిద్ధం. వెలుతురు కోసం, అందం కోసం మనం ఆ రెక్కలు తీసివేసి అద్దాలు పెట్టుకున్నాము. అందులో తప్పేమీ లేదు. కాని రెక్క చేసిన పని మిగిలే ఉన్నది. దానిని ఎవరో ఒకరు చేయాలి.

ప్రతి ఇంటి వారికీ ప్లైవుడ్ కొనే శక్తి ఉండదు. కొన్నా నిలబెట్టే చేయి ఉండదు. వృద్ధ దంపతులు, ఒంటరి స్త్రీ, అద్దెకున్న విద్యార్థులు ఆ బరువైన పలకను తమంతట తాము ఎత్తలేరు. ఒక అపార్టుమెంటు వారు, ఒక వీధివారు కలిసి కొన్ని పలకలు, ఒక నిచ్చెన, ఒక పెట్టెడు బోల్టులు మెట్ల క్రింద దాచి, ఆ వీధి వడ్రంగి చేత ఏడాదికొకసారి సరిచూపించుకుంటే ఖర్చు స్వల్పం. బంగాళాఖాతంలో ప్రతి ఏడూ వాయుగుండాలు పుట్టక మానవు. పలకలు కొలవవలసినది ఎండ కాస్తున్న రోజుననే.