కాళ్ల మీదే పడ్డాడులే అనుకోవద్దు



టేకులపల్లి చుట్టుపక్కల ఊళ్లలో తాటిచెట్టు ఎక్కితేనే ఇల్లు గడిచే కుటుంబాలు ఉన్నాయి. మోకు పాతబడి తెగినా, వానకు మొద్దు జారినా, పైన కందిరీగలు లేచినా మనిషి కింద పడతాడు. ఒక్కోసారి భయంతో తానే దూకేస్తాడు. 30 అడుగుల ఎత్తు నుంచి పడినవాడు నేలను తాకేసరికి గంటకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు.

చుట్టూ చేరినవారు సాధారణంగా ఒక మాట అంటారు: "కాళ్ల మీదే పడ్డాడు, తలకు తగల్లేదు, గండం గడిచింది." ఈ మాటను నమ్మవద్దని మా మనవి. కాళ్ల మీద పడినప్పుడు ఆ దెబ్బ మడమల నుంచి తొడల మీదుగా నడుముకు పాకుతుంది. ఎత్తు నుంచి పడి మడమ ఎముక విరిగినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది. మడమ నొప్పి ఎక్కువగా ఉండటం వల్ల నడుము సంగతి ఎవరికీ తోచదు.

విరిగిన వెన్నుపూస లోపల వెన్నుపాము ఉంటుంది. పడినప్పుడు అది దెబ్బతినకపోయినా, మనం చేతులు, కాళ్లు పట్టుకొని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టినప్పుడు నలిగిపోవచ్చు. అప్పటిదాకా కదిలిన కాళ్లు ఆ తరువాత కదలకపోవచ్చు. మూత్రం మీద అదుపు కూడా పోవచ్చు.

అందుకని ఇలా చేయండి.

1. పడినవారిని లేపవద్దు, కూర్చోబెట్టవద్దు, నడిపించవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

2. మెడకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టి తల కదలకుండా చూడండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి.

3. నీళ్లు, కల్లు, కాఫీ ఏవీ తాగించవద్దు. ఆపరేషను అవసరం కావచ్చు.

4. బండి రాలేని చోటైతే నలుగురు కలిసి తల, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉండేలా పక్కకు దొర్లించి, తలుపు చెక్క మీదకు చేర్చి మోయండి.

5. కాళ్లు తిమ్మిరెక్కాయా, వేళ్లు కదులుతున్నాయా, మూత్రం వస్తోందా అని గమనించి డాక్టరుకు చెప్పండి. మడమకు దెబ్బ తగిలితే నడుముకు కూడా ఎక్స్‌రే తీయమని అడగండి.

స్లాబు పని, కరెంటు స్తంభం, మామిడిచెట్టు, ఎక్కడి నుంచి పడినా ఇదే పద్ధతి.

పడకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో బెల్టు, తాళ్లు ఉన్న కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కిట్టు అందినవారు దాన్ని ఇంట్లో గూటికి తగిలించి ఉంచవద్దు. కిట్టు లేనివారు ప్రతిరోజూ చెట్టెక్కే ముందు మోకును చేత్తో తడిమి చూసుకోండి. వాన వెలిసిన వెంటనే ఎక్కవద్దు. ఒక పూట కల్లు పోతే మరుసటి పూట గీసుకోవచ్చు.