బెంగలోంచి పుట్టే బలం

పరాయి ఊరి వసతిగృహంలో చేరిన పిల్లవాడు అన్నం ముట్టకపోయినా, అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్ల చిక్కిపోయినా బెంగ పెట్టుకున్నారంటారు పెద్దలు. మన ఇళ్ళలో బెంగ ఒక జబ్బు కిందే లెక్క.

ఐరోపా వైద్యులూ ఒకప్పుడు అట్లాగే తలచారు. 1688లో స్విట్జర్లండులోని బాసెల్‌లో జోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో ఈ వ్యాధికి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'నోస్టోస్' అంటే ఇల్లు చేరడం; 'ఆల్గోస్' అంటే వేదన. కాలక్రమాన ఆ మాట ఇంటిమీది బెంగనే గాక, గడచిన రోజులపై కలిగే తీపి బాధను కూడా సూచించసాగింది.

ఆ తీపి బాధ నిజంగా జబ్బేనా? ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు టిమ్ వైల్డ్‌షట్, కాన్‌స్టంటైన్ సెడికైడిస్ ప్రభృతులు 2006లో ప్రకటించిన పరిశోధనల్లో ఒక విశేషం బయటపడింది. మనస్సు కుంగినప్పుడు, ఒంటరితనం బాధించినప్పుడు గతస్మృతులు ముసురుకొంటాయి. కాని అవి మనిషిని మరింత కుంగదీయడానికి బదులు, తనవారు తనకు ఉన్నారన్న ధైర్యాన్నీ కొంత ఉల్లాసాన్నీ కలిగిస్తాయి.

2015లో వెలువడిన మరో పరిశోధన ఇంకొక అడుగు ముందుకు వేసింది. మధురమైన గతాన్ని తలచుకొన్నవారు, మామూలు సంఘటనలను తలచుకొన్నవారికంటె ఎక్కువ సృజనాత్మకంగా రచన చేయగలిగారు. ఉల్లాసం ఒక్కటే ఇందుకు కారణం కాదు. ఆ స్మృతులు మనస్సు తలుపులను కొత్త అనుభవాలవైపు తెరవడమే అసలు రహస్యమని పరిశోధకులు తేల్చారు.

ఈ సత్యానికి మన దేశంలోనే చక్కని నిదర్శనం ఉంది. బెంగాలీ రచయిత విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ భార్య గౌరి, పెళ్ళయిన కొద్దికాలానికే కన్నుమూసింది. తరువాత కొన్నేళ్ళకు ఆయన బీహారులోని భాగల్పూరు ప్రాంతంలో ఒక జమీందారీ ఎస్టేటు ఉద్యోగానికి వెళ్ళాడు. అడవుల నడుమ ఆ ఏకాంతవాసంలో, తాను పెరిగిన బెంగాలు పల్లె ఆయన కళ్ళముందు కదలాడింది. అక్కడ రాసిన 'పథేర్ పాంచాలీ' 1929లో పుస్తకంగా వెలువడింది.

అంతటితో కథ ముగియలేదు. ఆయన కలకత్తాకు తిరిగివచ్చాక, ఒకనాడు పరాయిదనిపించిన ఆ అడవిపైనే బెంగ కలిగింది. ఫలితం 1939లో వెలువడిన 'ఆరణ్యక్'. తెలుగువారు 'వనవాసి'గా చదువుకొన్న నవల. అందులోని కథానాయకుడు ఉద్యోగధర్మంగా తన చేతులమీదుగానే ఆ అడవిని నరికించి, రైతులకు పంచిపెడతాడు. పోగొట్టుకొన్నదానిపై ప్రేమ, పోగొట్టినందుకు పశ్చాత్తాపం – ఈ రెండూ కలిసి ఆ నవలకు ప్రాణం పోశాయి.

అయితే ఈ మందు అందరికీ ఒకే విధంగా పనిచేయదు. ఎల్లప్పుడూ చింతించే స్వభావం కలవారికి గతస్మరణ తొలుత ఊరటనిచ్చినా, ఆ నిశ్చింతకాలాన్ని నేటితో పోల్చుకోవడంవల్ల దిగులు హెచ్చవచ్చునని 2012లో ప్రకటితమైన ఒక అధ్యయనం హెచ్చరించింది.

కనుక ఈసారి అమ్మమ్మగారి ఊరు గుర్తుకువచ్చి మనస్సు బరువెక్కినప్పుడు, కలం కాగితం దగ్గరకు తీసుకోండి. ఆ ఇంటి వసారా, బావి గిలక చప్పుడు, వేసవి రాత్రి మేడమీది పక్కలు – గుర్తున్నంత వరకు రాయండి. అది అచ్చుకెక్కకపోవచ్చు. మీ పిల్లలు మాత్రం ఒకనాడు ఆసక్తిగా చదువుకొంటారు.