కాఁచినను పోని కీడు

"బోరునీటిని కాఁచియే త్రాగుచున్నాము, భయమేల?" అని దువ్వాడలో మా పొరుగింటి వదినగారనిరి. సోదరీమణులారా! కాఁచినచోఁ గ్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరావిరియైన కొలఁది చిక్కనగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటివలనఁ బిల్లల పండ్లకు మచ్చలు పడును. మిక్కిలి హెచ్చినచో ఏండ్లు గడచునప్పటికి ఎముకలు బిగిసి నడుము వంగును. 1937లోనే నెల్లూరు జిల్లాలో వైద్యులీ రోగమును గుర్తించిరి. నల్లగొండ పల్లెలెన్నియో దీనికి లోనైనవి. కావున మీ నీటిని పరీక్షింపఁజేయుఁడు. తేయాకునందును ఫ్లోరైడు కలదు. పిల్లలకు తేనీరు అలవాటు చేయకుఁడు. పండ్లుతోము పేస్టు మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆఱేండ్లవఱకు బఠాణిగింజంత చాలును. తియ్యగానున్నదని మ్రింగనీయక, ఉమియుట నేర్పుఁడు. నేఁడు మ్రింగినదాని మచ్చ రేపు మొలచు పంటిపైఁ గనఁబడును.