రౌటర్‌లో వీపీఎన్ మాయమైతే

గార్డెన్ రీచ్‌లో సౌత్ ఈస్టర్న్ రైల్వే కేంద్ర కార్యాలయం ఉండటంతో తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. అయినా పగలంతా ఇంట్లో మా అమ్మ ఒక్కతే. అందుకని హాల్లో ఒక కెమెరా పెట్టాను. రౌటర్‌లో పోర్టు తెరిచి దాన్ని ఇంటర్నెట్‌కు వదిలేస్తే వీధి తలుపు బార్లా తీసి బ్రాంచికి వచ్చినట్టే. కాబట్టి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసిన రౌటర్‌లో వైర్‌గార్డ్ పెట్టుకుని, భోజన విరామంలో ఫోన్లో చూసేవాణ్ణి.

పోయిన నెల ఫర్మ్‌వేర్ కొత్త వెర్షన్‌కు మార్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇంటర్‌ఫేస్ చేర్చే చోట ప్రోటోకాల్ జాబితాలో వైర్‌గార్డ్ పేరే లేదు. కంగారులో ఫ్యాక్టరీ రీసెట్ చేయబోయాను. చేసుంటే నా కీలన్నీ పోయేవి!

కారణం చిన్నదే. మామూలు అప్‌గ్రేడ్‌లో సెట్టింగులు మిగులుతాయి గానీ మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు మిగలవు. సిస్టమ్ మెనూలోని సాఫ్ట్‌వేర్ పేజీలో ముందు జాబితా అప్‌డేట్ చేసి, లూసీ-ప్రోటో-వైర్‌గార్డ్ ఇన్‌స్టాల్ చేశాను. కావలసిన కెర్నల్ మాడ్యూల్ దాని వెంటే వచ్చింది. రౌటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ లాగిన్ అయితే పాత కీలతో సహా అంతా కనిపించింది.

ఓపెన్‌వీపీఎన్ వాడేవారికి కావలసింది లూసీ-యాప్-ఓపెన్‌వీపీఎన్. 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న పాత రౌటర్లలో మాత్రం వీటికి చోటు చాలదు. డీడీ-డబ్ల్యుఆర్‌టీ మినీ బిల్డ్‌లోనైతే ఓపెన్‌వీపీఎన్ ఉండనే ఉండదు, వెతికి లాభం లేదు.

ఆఫీసు పనికి ఇది కాదండోయ్, బ్యాంకు ఇచ్చిన వీపీఎన్నే వాడాలి.

ఆ మధ్యాహ్నం ఫోన్ తెరిస్తే, అమ్మ కెమెరా వైపు తిరిగి "తిన్నావురా?" అని అడుగుతోంది.