రేడియం గర్ల్స్

రేడియం గర్ల్స్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గడియారాల డయళ్ళపై రేడియం కలిసిన రంగుతో అంకెలు దిద్దుతూ, ఆ రేడియం వలననే రోగగ్రస్తులైన కార్మిక స్త్రీలకు వచ్చిన పేరు. వీరిలో పలువురు చిన్న వయసులోనే మరణించారు. రేడియం ప్రమాదకరమని తెలిసిన తరువాత కూడా యాజమాన్యాలు ఆ సంగతిని దాచిపెట్టడం వలన ఈ ఉదంతం కార్మిక చట్టాల చరిత్రలో ప్రముఖంగా నిలిచింది.

నేపథ్యం

1898లో క్యూరీ దంపతులు కనుగొన్న రేడియమును ఆ రోజుల్లో ప్రజలు దివ్యౌషధమని నమ్మేవారు. రేడియం కలిపిన నీళ్ళు సీసాలలో అమ్ముడుపోయేవి. రేడియం నుండి వెలువడే ఆల్ఫా కణాలు తాకినప్పుడు జింకు సల్ఫైడు చీకటిలో వెలుగుతుంది. ఈ సూత్రంతో తయారైన 'అన్‌డార్క్' అనే రంగుకు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల చేతి గడియారాల వలన గిరాకీ పెరిగింది. న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో 1917లో మొదలైన కర్మాగారం (తరువాతి పేరు యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్) ఈ పనికి యువతులను పెట్టుకుంది.

పని విధానం

సన్నని అంకెలు దిద్దాలంటే కుంచె మొన పదునుగా ఉండాలి. అందుకు కుంచెను పెదవుల మధ్య పెట్టి మొన తీర్చి, రంగులో ముంచి, దిద్దమని నేర్పేవారు. వేతనం డయళ్ళ లెక్కన ఇచ్చేవారు కనుక చేతివేగమే సంపాదన. ప్రతిసారీ కొంచెం రేడియం కడుపులోకి పోయేది. అదే కర్మాగారంలో రేడియమును శుద్ధి చేసే రసాయన శాస్త్రజ్ఞులు మాత్రం సీసపు తెరల చాటున, పటకారులతో పనిచేసేవారు. ప్రమాదం ఎవరికీ తెలియదన్న వాదనకు ఈ ఒక్క సంగతే జవాబు.

వ్యాధి, దాచివేత

రసాయనికంగా రేడియం కాల్షియమును పోలి ఉంటుంది. అందుచేత శరీరం దానిని ఎముకలలో చేర్చుకుంటుంది. అక్కడి నుండి అది ఏళ్ళ తరబడి కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. మొదట పళ్ళు ఊడేవి, తరువాత దవడ ఎముక కుళ్ళేది. 1922లో మోలీ మాజియా అనే కార్మికురాలు మరణించినప్పుడు మరణ పత్రంలో సిఫిలిస్ అని వ్రాశారు. 1927లో శవాన్ని వెలికి తీసి పరీక్షిస్తే ఎముకలలో రేడియో ధార్మికత కనబడింది.

1924లో సంస్థే హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సెసిల్ డ్రింకర్‌ను దర్యాప్తుకు నియమించింది. రేడియమే కారణమని ఆయన తేల్చగా, సంస్థ నివేదికను తొక్కిపెట్టి, కార్మికులందరూ ఆరోగ్యంగా ఉన్నట్లు మార్చిన వివరాలను రాష్ట్ర కార్మిక శాఖకు పంపింది. విషయం తెలిసి డ్రింకర్ 1925లో అసలు నివేదికను ప్రచురించాడు. అదే ఏడాది వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లాండ్ రోగుల దేహాలలో రేడియం ఉన్నదని నిరూపించాడు. గ్రేస్ ఫ్రైయర్ అనే యువతిని పరీక్షించి ఆరోగ్యం బాగున్నదని చెప్పిన ఫ్రెడరిక్ ఫ్లిన్ అసలు వైద్యుడే కాడు. సంస్థ నుండి ప్రతిఫలం పుచ్చుకునే సలహాదారు.

న్యాయపోరాటం

కేసు చేపట్టే న్యాయవాది గ్రేస్‌కు రెండేళ్ళ వరకు దొరకలేదు. 1927లో రేమండ్ బెరీ ద్వారా ఆమె, మరి నలుగురు దావా వేశారు. వారిలో ఇద్దరు మోలీ అక్కచెల్లెళ్ళు. నష్టం జరిగిన రెండేళ్ళలోపు దావా వేయాలన్న చట్టాన్ని సంస్థ అడ్డు పెట్టుకుంది. వ్యాధి బయటపడడానికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుందన్నది గమనార్హం. సంస్థ సాక్షులు వేసవికి ఐరోపా వెళుతున్నారని విచారణను నెలల తరబడి వాయిదా వేయగా పత్రికలు తీవ్రంగా విమర్శించాయి. చివరకు 1928 జూన్‌లో రాజీ కుదిరింది: ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్ల భరణం, వైద్య ఖర్చులు. సంస్థ తప్పు ఒప్పుకోలేదు. గ్రేస్ 1933లో మరణించింది.

ఇల్లినాయ్ రాష్ట్రపు ఒటావాలో (కెనడా రాజధాని వేరు) రేడియం డయల్ అనే మరొక సంస్థ 1925, 1928లలో కార్మికులకు పరీక్షలు చేయించి ఫలితాలు వారికి చెప్పలేదు. పైగా భయపడనక్కరలేదని స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చింది. అక్కడి కాథరిన్ డోనహ్యూ 1938లో మంచం మీద నుండే సాక్ష్యం చెప్పి గెలిచి, ఆ జూలైలోనే కన్నుమూసింది. సంస్థ చివరి అప్పీలును 1939లో సుప్రీం కోర్టు తిరస్కరించింది.

పర్యవసానం

ఈ స్త్రీల దేహాలలో కొలిచిన రేడియం మోతాదుల ఆధారంగా 1941లో శరీరంలో రేడియం 0.1 మైక్రోగ్రాము మించరాదన్న పరిమితి అమెరికాలో ఏర్పడింది. బ్రతికి ఉన్నవారిని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు పరిశీలించారు. ఒటావాలో 2011లో వీరి స్మారకంగా కంచు విగ్రహం నెలకొల్పారు.