గోండు వంశాల చరిత్రకారులు పర్ధాన్లు

ఆదిలాబాద్ అడవుల్లో ఊళ్లు కట్టుకుని సేద్యం చేసిన రాజ్‌గోండుల వంశ చరిత్ర చాలాకాలం పర్ధాన్ల గొంతులోనే బతికింది. గోండు వంశాలకు తరతరాలుగా పర్ధాన్ కుటుంబాలు ఉంటాయి. పండుగకో కర్మకాండకో వచ్చిన పర్ధాన్ మూడు తీగల కిక్రిని కమానుతో వాయిస్తూ, ఆ వంశపు మూలపురుషులెవరో, ఏ దారిన వచ్చారో, దేవుణ్ని ఎక్కడ నిలిపారో పాడి చెబుతాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లన్న విభజన ఆ కథల్లోదే. ఒకే సంఖ్య వాళ్లు అన్నదమ్ముల వరస, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మొదలయ్యే నాగోబా జాతరలో గోండుల్లోని మెస్రం వంశస్థులు కొత్త కోడళ్లను దేవుడికి చూపిస్తారు. తెల్లచీర కట్టి, ముసుగు వేసుకుని వచ్చిన కోడలికి ఈ ‘భేటింగ్’ అయ్యాకే వంశంలో పూర్తి చోటు.

నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పర్ధాన్ల గాథలను సేకరించి, 1948లో పుస్తకంగా తెచ్చారు. గోండుల రాత కూడా బయటపడింది: నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అయినా ఆ గాథలను పాడగల పెద్దలు ఉండగానే వాళ్ల గొంతులను రికార్డు చేయాలి, గోండు ఊళ్ల బడుల్లో పిల్లలకు వినిపించాలి.