పసితనంలో చేరిన సీసం ఎప్పటికి పోతుంది? కోతుల మీద జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయి

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో ఒకప్పుడు కోతులకు అంతుచిక్కని జబ్బు చేసేది. ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చేవి, కొన్ని చనిపోయేవి. చనిపోయిన కోతులను కోసి పరీక్షిస్తే సీసం బయటపడింది. బోనుల కడ్డీలకు వేసిన పెయింట్‌లో సీసం ఉంది. కోతి ఊరుకుంటుందా? గీకుతుంది, కొరుకుతుంది, పెచ్చులు నోట్లో వేసుకుంటుంది. ఈ వివరాలు 1970లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయ్యాయి.

అదే కాలంలో అమెరికా నగరాల్లోని పాత ఇళ్లలో పసిపిల్లలు కూడా గోడల పెచ్చులు తిని ఆసుపత్రుల పాలయ్యేవారు. ఫిట్స్ వచ్చేంత సీసం ఒంట్లో చేరితే అది విషమని ఎవరైనా ఒప్పుకుంటారు. పైకి ఏ జబ్బూ కనిపించనంత కొద్దిగా చేరితే ఏమవుతుంది? అసలు పేచీ అక్కడే మొదలైంది.

హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టర్ బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ ఊళ్లలో బడి పిల్లల ఊడిపోయిన పాలపళ్లు సేకరించి, వాటిలో సీసం ఎంతుందో కొలిచారు. ఎక్కువ సీసం ఉన్న పిల్లలు ఐక్యూ పరీక్షల్లో, క్లాసులో మనసు పెట్టడంలో వెనకబడ్డారని 1979లో ప్రకటించారు. దానికి ఎదురు ప్రశ్న వచ్చింది. సీసం ఎక్కువగా ఉండేది పేదల ఇళ్లలోనే కదా, మరి పిల్లలు వెనకబడింది సీసం వల్లా, పేదరికం వల్లా? తిండి, తల్లిదండ్రుల చదువు, ఇంటి పరిస్థితి అన్నీ కలిసిపోయి ఉంటే దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. అలాగని తేల్చుకోవడానికి మనుషుల బిడ్డలకు సీసం తాగించలేరు.

ఆ పని కోతి పిల్లలతో చేశారు. నోరు లేని జీవాలతో ఇలా చేయడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఈ రోజు ప్రపంచమంతా పిల్లల కోసం పెట్టుకున్న సీసం హద్దుల వెనక ఆ కోతుల వల్ల తెలిసిన సంగతులు కూడా ఉన్నాయి. కోతి పిల్లలన్నీ ఒకే చోట పెరుగుతాయి, ఒకే తిండి తింటాయి. పేద, ధనిక తేడా ఉండదు. తేడా సీసం ఒక్కటే.

కెనడా ప్రభుత్వ ఆరోగ్య శాఖ పరిశోధకురాలు డెబోరా రైస్ పొడవు తోక మకాక్ జాతి కోతి పిల్లలకు పుట్టినప్పటి నుంచి సీసం ఇస్తూ వచ్చారు. కొన్నింటికి కిలో బరువుకు రోజుకు 50 మైక్రోగ్రాములు, కొన్నింటికి 100, మరికొన్నింటికి అసలు లేదు. మైక్రోగ్రామ్ అంటే గ్రాములో పది లక్షల వంతు. పాలు తాగే వయసులో రక్తంలో సీసం పైకి ఎక్కి, తర్వాత దిగి, డెసిలీటరుకు సుమారు 11, 13 మైక్రోగ్రాముల దగ్గర నిలబడింది. ఆ రోజుల్లో అమెరికాలో పిల్లల విషయంలో కంగారు పడాల్సిన అంకె 25 నుంచి 30. ఆ లెక్కన ఈ కోతులు ‘నార్మల్’. బరువు బాగానే ఉంది, ఆటలు బాగానే ఉన్నాయి.

ఏడెనిమిదేళ్ల వయసులో వాటికి పరీక్షలు పెట్టారు. ఒక పరీక్షలో రెండు బటన్లు ఉంటాయి. ఒకసారి కుడిది నొక్కితే, తర్వాత ఎడమది నొక్కాలి. అలా మార్చి మార్చి నొక్కితేనే బహుమతి. రెండు నొక్కుళ్ల మధ్య కొన్ని సెకన్లు ఆగాలి, ఆ ఆగే సమయాన్ని మెల్లగా పెంచుతూ పోతారు. సీసం లేని కోతులు నెట్టుకొచ్చాయి. సీసం ఎక్కినవి ఆగాల్సిన సమయం పెరిగేకొద్దీ తప్పులు చేశాయి. బహుమతి రాకపోయినా అదే బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూ పోయాయి. ఇంకో పరీక్షలో ముందు ఒక ఆకారానికి బహుమతి ఇచ్చి, అది అలవాటయ్యాక ఉన్నట్టుండి రెండో ఆకారానికి మారుస్తారు. సీసం ఉన్నవాటికి పాత అలవాటు వదులుకోవడం కష్టమైంది. పరీక్షతో సంబంధం లేని రంగులు, గుర్తుల వైపు మనసు పోయేది. కాసేపు ఓపిక పడితేనే ఫలితం దక్కే పరీక్షలో ఆ ఓపిక నేర్చుకోవడానికీ ఎక్కువ కాలం తీసుకున్నాయి.

‘వాడు తెలివైనవాడే, కానీ ఒక దగ్గర కూర్చోడు, చెప్పింది వెంటనే మర్చిపోతాడు’ అని టీచర్లు అనే మాట గుర్తొస్తుంది. అలాంటి ప్రతి పిల్లాడి ఒంట్లో సీసం ఉందని కాదు. సీసం పైకి కనిపించే జబ్బులా కాకుండా ఇలాంటి రూపంలోనూ రావచ్చని మాత్రం కోతులు చూపించాయి.

మరి సీసం ఆపేస్తే అంతా సర్దుకుంటుందా? విస్కాన్సిన్ యూనివర్సిటీలో బుష్నెల్, బోమన్ అనే పరిశోధకులు రీసస్ కోతులకు మొదటి ఏడాది మాత్రమే సీసం ఇచ్చి ఆపేశారు. నాలుగేళ్లు దాటాక చూస్తే రక్తంలో సీసం దాదాపు మామూలు స్థాయికి దిగిపోయింది. ఆకారం మార్చే పరీక్షలో మాత్రం ఇంకా వెనకబడే ఉన్నాయి. ఆ ఫలితాలు 1979లోనే వచ్చాయి. పసితనం దాటితే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. డెబోరా రైస్ చేసిన ఒక ప్రయోగంలో పసితనం తర్వాత సీసం మొదలుపెట్టిన కోతులు కూడా బటన్లు మార్చే పరీక్షలో తడబడ్డాయి.

రోడ్ ఐలండ్ యూనివర్సిటీకి చెందిన నాసర్ జావియా బృందం 2008లో చెప్పిన సంగతి ఇంకా దూరం పోతుంది. పుట్టినప్పటి నుంచి 400 రోజుల వరకు సీసం తీసుకున్న కోతుల మెదళ్లను 23 ఏళ్ల వయసులో పరీక్షిస్తే, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో కనిపించే లాంటి మార్పులు కనిపించాయి. పరీక్షించిన కోతులు కొన్నే, కాబట్టి మనుషులకూ ఇలాగే జరుగుతుందని దీనితో తేలిపోలేదు.

సీసం ఇన్నాళ్లు ఎందుకు వదలదంటే, శరీరం దాన్ని కాల్షియం అనుకుని మోసపోతుంది. రక్తంలో చేరిన సీసం నెల, రెండు నెలల్లో తగ్గిపోతుంది, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉంటుంది. డబ్బు లెక్కలో చెప్పాలంటే రక్తం గల్లా పెట్టె, ఎముక ఫిక్స్‌డ్ డిపాజిట్. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోంచి కాల్షియంతో పాటు సీసం కూడా బయటికి వచ్చి బిడ్డకు చేరుతుంది. పెద్దవాళ్లు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంటికి పడితే, పసిపిల్లలకు సగం దాకా పడుతుంది. ఐరన్, కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇంకా ఎక్కువ. మన దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

సీసాన్ని బయటికి లాగే మందు సక్సిమర్. దాన్ని అమెరికాలో 780 మంది చిన్నపిల్లల మీద పరీక్షించారు, వారిలో కొందరికి మందు, కొందరికి ఉత్తి మాత్ర. మందు తీసుకున్నవారి రక్తంలో సీసం తగ్గింది కానీ తెలివితేటల పరీక్షల్లో తేడా రాలేదని 2001లో తేలింది. రీసస్ కోతుల్లో అంతకు ముందే దీనికి సూచన దొరికింది. మందుతో రక్తంలో సీసం తగ్గినా, సీసం ఇవ్వడం ఆపేసినప్పుడు మెదడులో తగ్గే దానికంటే ఎక్కువేమీ తగ్గలేదు. సీసం మరీ ఎక్కువగా ఎక్కిన పిల్లలకు ఆ మందు ప్రాణం కాపాడుతుంది, డాక్టర్లు ఇప్పటికీ వాడతారు. జరిగిన నష్టాన్ని వెనక్కి తేవడం మాత్రం దాని చేతిలో లేదు.

అందుకే హద్దులు దిగుతూ వచ్చాయి. అమెరికాలో అది 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి తగ్గింది. సురక్షితమని చెప్పగలిగే స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం 5 దాటి ఉండొచ్చని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల 2020 నివేదిక అంచనా.

సీసం పెట్రోల్ 2000లోనే పోయింది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన రంగులు పాత తలుపులు, కిటికీల మీద ఇంకా ఉన్నాయి. పండగకు ముందు వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీద పాకే బిడ్డ చేతికి అంటుతుంది. తడిపి గీకాలి, ఆ పూట పిల్లల్ని వేరే ఇంట్లో ఉంచాలి. పాత బ్యాటరీలు కరిగించే చోట పనిచేసేవాళ్లు బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవాలి. వంట గిన్నెలకు కళాయి పూత పూసే తగరంలో చవక కోసం సీసం కలిపే అవకాశం ఉంది, నమ్మకమైన మనిషి దగ్గరే పూయించాలి.

సుర్మా సంగతి కాస్త సున్నితం. హదీసుల్లో వచ్చే ఇస్మిద్‌ను పండితులు చాలామంది అంజనపు రాయి, అంటే ఆంటిమొనీ అంటారు. బజారులో అమ్మే నల్ల సుర్మాలో చాలా వరకు ఉండేది గెలీనా, అది సీసపు ఖనిజం. సుర్మా పెట్టే ఆసియా కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 1978లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. బిడ్డ కళ్లు నలుపుకుని అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. అందులో ఏముందో ల్యాబ్ రిపోర్టు లేని సుర్మాను పసిబిడ్డకు, బాలింతకు పెట్టకపోవడమే మేలు. నానీమాకు నచ్చజెప్పడం కాస్త కష్టమే.

అనుమానం ఉంటే పిల్లల డాక్టర్‌ను ‘బ్లడ్ లెడ్’ పరీక్ష రాయమని అడగాలి. వేలి కొన నుంచి తీసిన రక్తంలో చర్మం మీది దుమ్ము కలిసి అంకె తప్పుగా రావచ్చు కాబట్టి, నరం నుంచి తీసిన రక్తంతో ఖాయం చేసుకోవాలి. అంకె ఎక్కువ వస్తే ముందు ఇంట్లో సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. అదే ఇంట్లో పెరిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించాలి.